మూకీ నవ్వులు – పాఠపరిష్కారము



పదవీ విరమణ చేసిన తెలుగు పండితుని ఇంట, వ్యాకరణ గ్రంథాల పక్క అరలో, అమెరికా మూకీ హాస్యచిత్రాల డీవీడీలు, బ్లూరేలు బారులు తీరి ఉంటే చూడవచ్చినవారు మొదట నవ్వుతారు. ఆ తరువాత తప్పక ఒక ప్రశ్న వేస్తారు: "మాస్టారూ! ఇవన్నీ అంతర్జాలంలో ఊరికే దొరుకుతున్నాయి కదా, డబ్బు పోసి కొనడమెందుకు?" ఈ ప్రశ్నకు నోటిమాటగా చెప్పిన జవాబులేవీ నాకే తృప్తినీయలేదు. అందుచేత ఈ టపా. నిడివి కాస్త ఎక్కువే, ఓపికతో చదువగలరు.

నా ఈ వ్యసనానికి మూలం మా మనుమడు. కొన్నేళ్ళ క్రితం వేసవి సెలవులలో వాడికి బస్టర్ కీటన్ తీసిన 'వన్ వీక్' (1920) చూపించాను. కొత్త దంపతులకు పెళ్ళికానుకగా ఒక ఇల్లు వస్తుంది. కట్టిన ఇల్లు కాదు, పెట్టెలలో ముక్కలుగా వచ్చే ఇల్లు. పెట్టెల మీది అంకెల ప్రకారం బిగించుకోవాలి. ఆ పిల్లను ఆశించి భంగపడినవాడొకడు అంకెలు మార్చేస్తాడు. వారం తిరిగేసరికి లేచిన ఇల్లు ఎటునుంచి చూసినా వంకరే. కథ వాడికి నచ్చింది. కాని మధ్యలో నావైపు తిరిగి, "తాతయ్యా! ఆ కాలంలో మనుషులు ఇలాగే గబగబా నడిచేవారా?" అని అడిగాడు.

నేను ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే చిన్ననాడు మా ఊరి బడి ఆవరణలో, తెల్లగుడ్డ మీద చాప్లిన్‌ను చూసినప్పుడు నేనూ అదే అనుకున్నాను. ఆ అభిప్రాయాన్ని యాభై ఏళ్ళు అలాగే మోసుకు తిరిగాను.

తప్పు ఆ మనుషులది కాదు, మనకు చేరిన ప్రతులది. మూకీల కాలంలో కెమెరాను చేతితో తిప్పేవారు. సెకనుకు పదహారు బొమ్మలు పడవచ్చు, ఇరవై పడవచ్చు, అంతకు మించీ పడవచ్చు. స్థిరమైన లెక్క లేదు. టాకీలు వచ్చి ధ్వనికోసం ఇరవైనాలుగు అనే లెక్క స్థిరపడింది. పదహారు చొప్పున తీసిన దానిని ఇరవైనాలుగు చొప్పున ఆడిస్తే మనిషి ఒకటిన్నర రెట్ల వేగంతో పరుగెత్తుతాడు. అయితే హాస్యనటులు కొన్నిచోట్ల కావాలనే కెమెరాను నెమ్మదిగా తిప్పించి, తెరమీద వేగం పుట్టించేవారు. ఏది వారు కోరిన వేగం, ఏది మనం అంటగట్టిన వేగం అని తేల్చడం యంత్రానికి సాధ్యం కాదు. అభిజ్ఞుడైన మనిషి కూర్చుని తేల్చవలసిన విషయం.

నాడు మా మనుమడికి చూపినది ఒక దుకాణంలో చవకగా కొన్న డిస్కు. ప్రతికి ప్రతి, దానికి మరొక ప్రతి తీయగా తీయగా బొమ్మ అలుక్కుపోయి, ముఖాలు సున్నపు ముద్దలై ఉన్నాయి. కీటన్ తెరమీద నవ్వడు. ఆయన అభినయమంతా కళ్ళలోను, కనుబొమలలోను ఉంటుంది. ఆ ముఖమే తెల్లబారిపోతే మిగిలేది పడటం, లేవటం మాత్రమే. అది చూసి, "మూకీలంటే ఉత్త దొమ్మరి విన్యాసాలు" అని తీర్పు చెప్పడం, లేఖకుడు తప్పులతో వ్రాసిన తాళపత్రాన్ని చదివి కవికి ఛందస్సు రాదనడం వంటిది.

తరువాత మా అబ్బాయి అమెరికానుంచి వస్తూ, కీటన్ 1920-1923 మధ్య తీసిన పందొమ్మిది చిన్న చిత్రాల పునరుద్ధరించిన సంపుటిని తెచ్చాడు. మా యంత్రం దానిని ఆడించనన్నది. డీవీడీల కోసం లోకాన్ని మండలాలుగా పంచుకున్నారట. అమెరికాది ఒకటవ మండలం, మనది అయిదవది. అన్ని మండలాలవీ ఆడించే యంత్రం కొన్న తరువాత గాని కీటన్ మా ఇంట అడుగుపెట్టలేదు. ఆ రాత్రి 'వన్ వీక్' మళ్ళీ చూశాను. మనిషి మనిషిలా నడిచాడు. ఇంటి చెక్కల మీది గీతలు కనబడ్డాయి. చివర రైలు ఢీకొన్న ఇంటి శిథిలాల దగ్గర 'అమ్మబడును' అని పలక నిలబెట్టి, నాలుగడుగులు వేసి, ఏదో జ్ఞాపకం వచ్చినట్లు వెనక్కు వచ్చి, ఇల్లు బిగించే సూచనల కాగితాన్ని కూడా దానికి తగిలించి వెళ్ళే కీటన్ ముఖంలోని మర్యాద అప్పుడు గాని నాకు తెలియలేదు.

ఇక్కడినుంచి నా వృత్తివిద్య నన్ను పట్టుకున్నది. పునరుద్ధరణ అంటే బొమ్మకు మెరుగు పెట్టడం కాదు. అది అక్షరాలా మన పండితులు చేసిన పాఠపరిష్కారమే. బ్రౌన్ దొర కడపలో పండితులకు జీతాలిచ్చి, ఊరూరి ప్రతులు తెప్పించి, సరిపోల్చి, శుద్ధప్రతులు వ్రాయించిన పద్ధతి ఎటువంటిదో, ఇదీ అటువంటిదే. చాప్లిన్ 1914లో కీస్టోన్ సంస్థలో నటించిన చిత్రాలు సుమారు మూడు డజన్లు. వాటిని తరువాతివారు కత్తిరించి, పేర్లు మార్చి, వ్యాఖ్యా ఫలకాలు తమ ఇష్టం వచ్చినట్లు తిరగవ్రాసి అమ్ముకున్నారు. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, బొలోన్యాలోని సినేమతీక్, ప్యారిస్‌లోని లాబ్‌స్టర్ ఫిల్మ్స్ వారు కలసి వివిధ దేశాల ప్రతులను తెప్పించుకొని, ఎక్కడ ఏ ప్రతి మేలుగా ఉంటే అక్కడ దానిని గ్రహించి పరిష్కరించారు. ఆ ఫలితం 2010లో నాలుగు డిస్కులుగా వెలువడింది.

పాఠాంతరాలు కూడా ఉన్నాయి సుమా! కీటన్ 'ది బ్లాక్‌స్మిత్' (1922) మనమందరం ఎరిగిన చిత్రమే. 2013లో అర్జెంటీనాలో ఫెర్నాండో పేన్యా అనే చరిత్రకారునికి దొరికిన ప్రతిలో ఇతర ప్రతులలో లేని దృశ్యాలున్నాయి. ఒకే చిత్రానికి రెండు పాఠాలు! పండితునికి ఇంతకంటె పండుగ ఏముంటుంది?

నాకు అన్నిటికంటె నచ్చిన కథ లారెల్, హార్డీల 'ది బ్యాటిల్ ఆఫ్ ది సెంచరీ' (1927). వీథివీథంతా మీగడ పిండివంటలు ఒకరి ముఖాన ఒకరు కొట్టుకునే చిత్రమది. పూర్తి ప్రతి పోయింది. 1957లో రాబర్ట్ యంగ్‌సన్ తన సంకలన చిత్రంలో చేర్చిన కొద్ది నిమిషాల ముక్కే చిరకాలం లోకానికి దిక్కయింది. 2015లో జాన్ మిర్సాలిస్ అనే సంగ్రాహకుడు తనవద్ద చేరిన 16 మి.మీ. రీళ్ళను చూసుకుంటూ ఉండగా రెండవ రీలు బయటపడింది. 2020లో పునరుద్ధరించి డిస్కుగా వేశారు. అయినా మధ్యలో ఒక చిన్న ఘట్టం నేటికీ లేదు. ఆ చోట పరిష్కర్తలు కదలని ఛాయాచిత్రాలను, వివరణ ఫలకాలను ఉంచారు.

మన పాత ముద్రణలలో శిథిలమైన చోట చుక్కలు పెట్టి 'గ్రంథపాతము' అని వేసేవారు. విద్యార్థిగా ఉన్నప్పుడు ఆ మాట చూస్తే విసుగు వచ్చేది. ఇప్పుడు దానికి నమస్కరిస్తున్నాను. అది పరిష్కర్త నిజాయితీకి గుర్తు. "ఇక్కడ ఏమున్నదో నాకు తెలియదు, తెలిసినట్లు నటించను" అని ఆయన పాఠకునికి ఇచ్చే మాట.

ఇప్పుడు అంతర్జాలంలో జరుగుతున్నది దీనికి విరుద్ధం. పాత మూకీకి యంత్రం చేత రంగులు వేయించి, లేని బొమ్మలను రెండు బొమ్మల నడుమ కల్పించి, సెకనుకు అరవై చొప్పున జారుడుగా పరుగెత్తించి, "పునరుద్ధరించబడినది" అని పేరు పెడుతున్నారు. కృత్రిమ మేధ మీద నాకు పగ లేదు. దుమ్ము తుడవడానికి, గీతలు మాన్పడానికి పరిష్కర్తలకూ యంత్రమే సాయం. కాని కవి వ్రాయని పద్యాన్ని కావ్యంలో జొప్పించి, గుర్తు కూడా పెట్టకపోతే దానిని మన శాస్త్రంలో ప్రక్షిప్తమంటారు. సినిమాలోనూ అదే మాట వాడాలని నా అభిప్రాయం.

ఇక మొదటి ప్రశ్నకు వస్తాను: కొనడమెందుకు? ఈ చిత్రాలలో అధికభాగానికి అమెరికాలో హక్కుల గడువు తీరిపోయింది. ఎవరైనా ఎక్కించవచ్చు, ఎవరైనా చూడవచ్చు. నిజమే. కాని పరిష్కర్త శ్రమకు గడువు తీరలేదు. ఇవి వేలంవెర్రిగా అమ్ముడుపోయే సరుకు కాదు. మనవంటి కొద్దిమంది కొంటేనే తరువాతి సంపుటం వస్తుంది. బెన్ మోడల్ అనే పియానో విద్వాంసుడు మరుగునపడిన చిన్న చిత్రాలను అభిమానుల చందాలతో డీవీడీలుగా తెస్తున్నాడు. వాటిలో పెక్కు, ఇళ్ళలో చూసుకోవడానికి ఒకప్పుడు తీసిన 16 మి.మీ. ప్రతుల వల్లనే బ్రతికినవి. ఈ మాట గమనించగలరు. స్టూడియోల 35 మి.మీ. నైట్రేటు రీళ్ళు కాలిపోయాయి, పొడి అయిపోయాయి. 2013లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ప్రకటించిన అధ్యయనం ప్రకారం, ఆ దేశపు నిడివిగల మూకీలలో అసలు రూపంలో పూర్తిగా మిగిలినవి నూటికి పద్నాలుగు మాత్రమే. పోయినవి పోగా మిగిలిన వాటిలో ఎన్నో ఎవరో గృహస్థు అటకమీద దాచుకున్నవి. మన కావ్యాలు బ్రతికినదీ అటకల మీదనే కదా!

మన సంగతి తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. రఘుపతి వెంకయ్య కుమారుడు ప్రకాశ్ 1921లో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' నేడు లేదు. పరిష్కరించడానికి ముక్క కూడా లేదు; మొత్తం గ్రంథపాతమే. పూనాలో జాతీయ ఫిల్ము భాండాగారం 1964లో గాని ఏర్పడలేదు. అప్పటికే ఆలస్యమైపోయింది.

సంగ్రాహకులలో లోపాలు లేవనను. చూడకుండానే అరలో పేర్చుకునే జబ్బు నాకూ ఉన్నది. ఒకే చిత్రం మూడు సంపుటాలలో నాలుగుసార్లు కొన్నాను. డిస్కులూ శాశ్వతం కావు, వాటిని ఆడించే యంత్రాలు అంగళ్ళలో కరువవుతున్నాయి. నా తరువాత ఈ అల్మరా ఎవరికి అన్న ప్రశ్నకు జవాబు లేదు.

చివరగా ఒక సొంతమాట. నా శ్రీమతికి కొన్నేళ్ళుగా వినికిడి బాగా తగ్గింది. టీవీ ముందు కూర్చున్నా, అందరూ నవ్విన తరువాత నావైపు చూసి "ఏమన్నాడు?" అని అడిగేది. క్రమంగా అడగడమూ, కూర్చోవడమూ మానేసింది. ఒకనాడు నేను 'వన్ వీక్' చూస్తుండగా వచ్చి నిలబడింది. ఫలకాలలోని నాలుగు మాటలు నేను కాగితం మీద తెలుగులో వ్రాసి చూపాను. రెండు రైలు పట్టాల మధ్య ఆ ఇంటి గతి చూసి, నాకంటె ముందు తానే నవ్వింది. ముఖాలు స్పష్టంగా కనబడే ప్రతి కాబట్టి నవ్వగలిగింది. పాత డిస్కయితే ఆమెకు అందులో ఏమీ దొరికేది కాదు. ఇప్పుడు వారానికి రెండు చిత్రాలు మా నియమం.

కనుక మిత్రులకు నా మనవి. అన్నీ కొనమనను. ఒక్క మంచి సంపుటం కొనండి. ఇంట్లో పెద్దవారితోనో, పిల్లలతోనో కలసి చూడండి. మూకీల మీద మీ పాత అభిప్రాయం మారకపోతే నన్ను నిందించండి. భిన్నాభిప్రాయాలున్నవారు నిస్సంకోచంగా తెలుపగలరు.

స్వస్తి.