కాలువ గట్టుకు గరుసు పోయండి
ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు 30 కిలోమీటర్లకు అటూ ఇటూ. పత్తి లారీలు దూసుకుపోయే ఆ తారు రోడ్డు మీద సైకిల్ తొక్కమని పిల్లలకు ఎలా చెప్తాం? ఊళ్ల మధ్య బాటలు చూస్తే నల్లరేగడి. ఒక్క వాన పడితే చాలు, బంకమట్టి మడ్‌గార్డులో కూరుకుపోయి చక్రం కదలదు. పుల్లతో గీకి, నాలుగడుగులు తోసి, మళ్లీ గీకాలి. హోస్పేట దగ్గరి తుంగభద్ర డ్యాం నుంచి మన చేలకు నీళ్లు తెచ్చే దిగువ కాలువ గట్టు మీద గరుసు పోసి, రోలర్ తిప్పి, సైకిళ్లకు వదలాలని నా గట్టి కోరిక. అమెరికాలో గరుసు బాటల మీద 200 మైళ్ల సైకిల్ పందెం 2006లోనే కాన్సస్‌లో మొదలైంది. మనకు పందేలు తర్వాత. ముందు బడికి, పత్తి చేనికి పోయే దారి కావాలి. ఆదోని కోట చూడవచ్చినవాళ్లు, మంత్రాలయం పోయేవాళ్లు కూడా తొక్కితే మరీ సంతోషం. ఖరీఫ్ నీళ్లు వదిలేలోపే ఈ పని మొదలుపెట్టాలి.