గిరీశం నవ్వుల వెనకున్న పట్టిక

పోయిన వార్షికోత్సవానికి ‘కన్యాశుల్కం’లో ఒక దృశ్యం వేయించాను. గిరీశం నోరు విప్పితే చాలు, హాలంతా నవ్వే. ఈ నాటకాన్ని ఇప్పటికి నాలుగు ఊళ్లలో పిల్లల చేత వేయించాను. ప్రతిచోటా నవ్వించాను, ఎందుకు రాశారో మాత్రం సరిగ్గా చెప్పలేదు. అది నా తప్పే.

1897లో అచ్చయిన మొదటి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో ముందుమాట రాశారు. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాలకు విజయనగరం మహారాజు పట్టిక వేయించారని అందులో ఉంది. లెక్కకు దొరికినవే 1034. పెళ్లికూతుళ్లలో ఐదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ పసికందుల వెల 350 నుంచి 400 రూపాయలు! లుబ్ధావధాన్లుకు సుబ్బినివ్వడం కవి కల్పన అనుకునే పిల్లలకు ముందు ఈ అంకెలు చూపించాలి.

“పాతకాలంలో అన్నిచోట్లా అంతే కదా మేడం, జూలియట్‌కు పద్నాలుగు కూడా నిండలేదు” అన్నాడొక అబ్బాయి. మంచి ప్రశ్నే. కానీ జూలియట్ నాటకంలో పిల్ల. ఆ కాలపు ఇంగ్లండులో చర్చి రిజిస్టర్లు తిరగేసిన చరిత్రకారులకు కనిపించింది వేరు. మామూలు ఇళ్ల ఆడవాళ్లకు పెళ్లి అయ్యేది సగటున పాతికేళ్ల ప్రాంతంలో. వేరు కాపురం పెట్టడానికి నాలుగు డబ్బులు కూడాలి కాబట్టి, చాలామంది అంతవరకూ ఇతరుల ఇళ్లలో పనికి కుదిరేవారు. వాళ్లేదో సుఖపడ్డారని కాదు. చిన్నప్పుడే పెళ్లి చేయడం లోకమంతటా ఉన్న ఆచారమన్న మాట మాత్రం నిలవదు.

ఆ పట్టిక మన ఇళ్లది కాదని ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో కొందరు పెద్దలు అనవచ్చు. నిజమే, ఇక్కడి తెలుగువాళ్లలో చాలామంది తాతలు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వర్క్‌షాపు పనికి వచ్చినవాళ్లు. కానీ దృశ్యం అయ్యాక పదకొండో తరగతి అమ్మాయి ఒకతె నా దగ్గరకొచ్చి, “పద్దెనిమిది ఎప్పుడు నిండుతుందా అని మా ఇంట్లో రోజులు లెక్కపెడుతున్నారు మేడం” అంది.

1929 నాటి శారదా చట్టం ఆడపిల్లకు 14 అంది. 1978లో అది 18 అయింది. అంతకు ముందు చేయకూడదనే చట్టం చెప్పింది, ఆ రోజే చేసెయ్యమని కాదు. మనవాళ్లు దాన్ని ముహూర్తంలా చదువుతున్నారు. ఆ అమ్మాయికి లెక్కలంటే ఇష్టం, ఇంకా చదవాలని ఉంది.

ఈసారి తెర లేచేముందు ఆ పట్టిక చదివిస్తాను, ఆ అమ్మాయి చేతే. అప్పటికి నాకు బదిలీ కాకపోతే.