గడియకు ముందు తెరవని తాళము

మసీదు చందా పెట్టెలో ఎవరైనా రూపాయి వేయగలరు. తీయగలవాడు తాళపుచెవి గలవాడే. 1976లో డిఫీ, హెల్మన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిన బహిరంగ తాళపుచెవి విధానపు సారము ఇదియే. మూయు చెవి లోకమంతటికి తెలిసినను ప్రమాదము లేదు. తెరచు చెవి మాత్రము గుప్తము.

ఈ విద్య విద్యార్థులకేలయని అడుగవచ్చు. పొరుగున తెలంగాణలో 2022 అక్టోబరు 16న జరిగిన గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష, ప్రశ్నపత్రములు ముందే బయటపడినందున 2023 మార్చిలో రద్దయినది. రెండు లక్షలకు పైబడిన అభ్యర్థుల శ్రమ వ్యర్థమైనది. గుంటూరులో అద్దె గదిలో చదువుకొను ప్రకాశం మిరప రైతు బిడ్డకు రేపు ఇదే జరిగితే? ధర పడిపోయిన ఏడు తండ్రి టిక్కీలను కోల్డు స్టోరేజిలో దాచి వేచియుండగలడు. గడచిన వయస్సును కొడుకు ఎక్కడ దాచగలడు?

ప్రశ్నపత్రము శాశ్వత రహస్యము కాదు. పరీక్ష గంట కొట్టు వరకే రహస్యము. గడియారమునకు లోబడు తాళము సాధ్యమా? 1996లో రివెస్ట్, షమీర్, వాగ్నర్ ఒక మార్గము చూపిరి: యంత్రము ఎడతెగక లెక్క చేసిననే విడిపోవు చిక్కుముడి. కాని యంత్రముల వేగము అంచనాకు లొంగదు. 35 సంవత్సరములు పట్టునని తలచి రివెస్ట్ 1999లో వేసిన ముడి 2019లోనే విడిపోయినది. పరీక్ష వేళకు ఇట్టి ముడిని నమ్మరాదు.

రెండవ మార్గము, గుప్తమైన చెవిని నమ్మకస్థుని వద్ద ఉంచి నిర్ణీత గడియకే విడుదల చేయించుట. ఆ ఒక్కడు లొంగిపోయినచో? ఇందుకు షమీర్ 1979లోనే ఉపాయము చెప్పియుండెను. చెవిని ఐదు భాగములుగా పంచవచ్చును. ఏ మూడు కలిసినను తెరచుకొనును, రెండింటితో ఏమియు తెలియదు.

ప్రశ్నపత్రమును ఒక కార్యాలయపు కంప్యూటరులో, ఒక పాస్‌వర్డు మాటున ఉంచు పద్ధతి పోవలెనని మేము కోరుచున్నాము. ఆ ఐదు భాగములు వేర్వేరు సంస్థల చేతులలో ఉండవలెను. కేంద్రముననే పత్రములు ముద్రించుటకు యంత్రములు, విద్యుత్తు, శిక్షణ కావలెను. ఆ ఖర్చు రద్దయిన పరీక్ష ఖర్చు కంటె ఎక్కువని మేము తలపము.

ఏ తాళమైనను అన్నిటికీ మందు కాదు. 2022 ఏప్రిల్‌లో మన రాష్ట్రపు పదవ తరగతి ప్రశ్నపత్రములు పరీక్ష మొదలైన పిమ్మట సెల్‌ఫోనులలో తిరిగినవి. తెరచిన తరువాత కాపాడవలసినది మనిషే.

అయినను, అప్పగించిన సొమ్మును మన పెద్దలు అమానత్ అన్నారు. అమానత్ పెట్టెకు రెండు తాళములు వేయుట ఖజాంచీని శంకించుట కాదు. అతనిని ప్రలోభము నుండి కాపాడుట. ప్రశ్నపత్రమును వేలమంది బిడ్డల అమానత్‌గా మేము భావించుచున్నాము.