డాక్యుమెంట్లను శీర్షికల వారీగా అమర్చే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు అనుమతి కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

జిల్లాలోని తహసీల్దారు, మండల పరిషత్ కార్యాలయాల టైపిస్టులు, కంప్యూటర్ ఆపరేటర్లు సమర్పించు వినతి.

విషయం: కార్యాలయ కంప్యూటర్లలోని వర్డ్ డాక్యుమెంట్లను శీర్షికను బట్టి జాబితా చేసే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ వాడకానికి అనుమతి, తగిన ఏర్పాట్లు కోరుట గురించి.

ఆర్యా,

సంతకమైన కాగితం ఈ-ఆఫీసులోకి వెళుతోంది, దానికి నంబరు పడుతోంది. దాని వెనకున్న చిత్తుప్రతి మాత్రం టైపు చేసిన కంప్యూటర్‌లోనే ఉండిపోతోంది. నోటీసులు, ఎండార్స్‌మెంట్లు, ప్రొసీడింగ్స్, కోర్టు కేసులకు పంపే పేరావారీ రిమార్కులు అన్నీ ‘న్యూ లెటర్’, ‘ఫైనల్ 2’, ‘సార్ కరెక్షన్’ వంటి పేర్లతో ఒకే ఫోల్డరులో పడి ఉంటాయి. ఆపరేటర్ బదిలీ అయితే ఏ పేరు వెనక ఏముందో చెప్పే మనిషి కూడా వెళ్లిపోయినట్టే. పాత ప్రతి దొరక్క, అదే ఉత్తరువును మళ్లీ మొదటి నుంచి కొట్టడం మాకు మామూలైపోయింది.

ఫైళ్లకు మంచి పేర్లు పెట్టుకుంటే సరిపోతుంది కదా అని తమరు అడగవచ్చు. కొంతవరకే సరిపోతుంది. మన ఫైళ్లకు వేసే ఆర్.సి. నంబర్లలో ఏటవాలు గీత తప్పదు. విండోస్ ఫైలు పేరులో ఆ గీతను ఒప్పుకోదు. ఫోల్డర్ల దారితో కలిపి పేరు మామూలుగా 260 గుర్తులు దాటకూడదు. తెలుగులో గుణింతమూ పొల్లూ విడివిడిగా లెక్కకు వస్తాయి గనుక, ‘తహసీల్దారు’ అన్న ఒక్క మాటకే 10 గుర్తులు ఖర్చవుతాయి.

డాక్యుమెంటు లోపల ‘టైటిల్’ అని వేరే గడి ఉంది. అందులో నంబరును గీతతో సహా రాయవచ్చు, విషయం పూర్తిగా రాయవచ్చు. 2007 నుంచి వస్తున్న డాక్స్ రకం ఫైలు నిజానికి ఒక జిప్ మూట. ఈ శీర్షిక అందులో విడి భాగంగా ఉంటుంది. కాబట్టి ఉత్తరం పాఠాన్ని తెరవకుండానే శీర్షిక చదివి, ఫోల్డరంతటికీ పట్టిక తయారు చేయవచ్చు. మాలో ఒకరు సొంత కంప్యూటర్‌పై, సెలవు రోజుల్లో, ఈ పని చేసే సాఫ్ట్‌వేర్ రాశారు. సోర్సు కోడుతో సహా ఉచితంగా ఇస్తానంటున్నారు. అనుమతి లేనిది ఆఫీసు కంప్యూటర్లలో పెట్టకూడదన్న నియమం సబబైనదే. అందుకే ఇంతవరకు పెట్టలేదు, అందుకే అడుగుతున్నాం.

మా కోరికలు ఇవి.

1. సోర్సు కోడును జిల్లా ఇన్ఫర్మాటిక్స్ అధికారి చేత పరీక్ష చేయించి, లోపం లేదని తేలితే వాడకానికి లిఖితపూర్వక అనుమతి ఇప్పించాలి. ఇంటర్నెట్‌తో దీనికి పని లేదు, కొనుగోలు ఖర్చు లేదు. పరీక్షకు పట్టే సమయమే ప్రభుత్వం పెట్టవలసిన పెట్టుబడి.

2. పట్టికలో శీర్షిక పక్కనే డాక్యుమెంటు మొదటి వరుసనూ చూపే ఏర్పాటు తప్పనిసరి చేయాలి. దీనికి మాత్రం ఉత్తరంలోంచి ఆ ఒక్క వరుస చదవక తప్పదు. మేం కొత్త ఉత్తరం ఖాళీ పేజీపై మొదలుపెట్టం. పాతదాన్ని వేరే పేరుతో సేవ్ చేసి దిద్దుకుంటాం. లోపలి శీర్షిక పాతదే ఉండిపోతుంది. 2019 నాటి నోటీసు శీర్షిక ఈ ఏటి నోటీసుకు అంటుకుని ఉంటే, శీర్షికనే నమ్ముకున్న పట్టిక అబద్ధమవుతుంది. రెండూ పక్కపక్కన కనిపిస్తే తేడా కంటికి తెలుస్తుంది.

3. యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లకు యూనికోడ్ శీర్షికలు రాయడానికి పని గంటల్లోనే సమయం కేటాయించాలి. టైటిల్ గడికి ఫాంటు తెలియదు. అను అక్షరాలు అక్కడ అర్థంకాని ఇంగ్లిషు గుర్తులుగా కనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ వీటిని విడిగా ఏరి చూపగలదు. చదివి శీర్షిక రాయవలసింది మనుషులే. ఇది అదనపు చాకిరీగా మా నెత్తిన పడకూడదు.

4. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఫైలు పేర్లు మార్చే సౌకర్యం కూడా ఉంది, దాన్ని మొదట మూసి ఉంచాలి. జాబితా వరకే అనుమతి చాలు. తరువాత తెరిచినా పాత పేరు, కొత్త పేరు, తేదీ నమోదై, వెనక్కి తిప్పే వీలుండాలి.

5. ప్రతి కొత్త డాక్యుమెంటుకు ఆర్.సి. నంబరు, విషయం, సంవత్సరం ఈ వరుసలో శీర్షిక ఉండాలని సర్క్యులర్ జారీ చేయాలి. అందరూ పాటించని పద్ధతి పట్టికకు పనికిరాదు.

సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4(1)(ఎ) ప్రకారం రికార్డులను జాబితాతో, సూచికతో నిర్వహించడం ప్రతి ప్రభుత్వ యంత్రాంగం విధి. దరఖాస్తు అందిన 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలన్నదీ ఆ చట్టమే. ఆ గడువు లోపల వెతకవలసిన వాళ్లం మేమే గనుక, వెతికే సాధనం అడగడం మా హద్దుల్లోని మాటేనని భావిస్తున్నాం.

తమరు సూచించిన రోజున, సూచించిన అధికారి ఎదుట, నమూనా ఫైళ్లపై దీన్ని నడిపి చూపడానికి సిద్ధంగా ఉన్నాం. అనుమతి వీలుకాని పక్షంలో ఏ అంశం అభ్యంతరకరమో రాతపూర్వకంగా తెలియజేయ ప్రార్థన. దాన్ని సరిదిద్ది మళ్లీ సమర్పిస్తాం.

ఇట్లు,
తమ విధేయులు,
టైపిస్టులు, కంప్యూటర్ ఆపరేటర్లు

జతపరచినవి: సోర్సు కోడు ప్రతి, నమూనా పట్టిక, సంతకాల జాబితా.