జహీరాబాద్‌లో మేం ఓటర్లం మాత్రమే

ఎలక్షన్లు వస్తే జహీరాబాద్‌లో నాయకులకు మా గల్లీలు గుర్తొస్తాయి. జుమ్మా నాడు మసీదు ముందు టోపీలు పెట్టుకొని నిలబడి సలాం చేస్తారు. చేయనీయండి. నా ప్రశ్న ఆ సలాం గురించి కాదు. దాన్ని అందుకునే చెయ్యి అసెంబ్లీ నామినేషన్ కాగితం మీద సంతకం చేయగలదా అన్నదే నా ప్రశ్న. చేయలేదు. 2009, 2014, 2018, 2023. నాలుగు అసెంబ్లీ ఎన్నికల్లో చేయలేదు.

2001 జనాభా లెక్కలతో జరిగిన నియోజకవర్గాల పునర్విభజన 2008లో అమల్లోకొచ్చి జహీరాబాద్ అసెంబ్లీ స్థానం ఎస్సీలకు రిజర్వ్ అయింది. అంతకుముందు 1999లో, 2004లో ఇక్కడ గెలిచింది మహమ్మద్ ఫరీదుద్దీన్. మంత్రి కూడా అయ్యారు. 2009లో ఆయన హైదరాబాద్ పోయి అంబర్‌పేటలో పోటీ చేసి ఓడిపోయారు. ఆయనున్న పదేళ్లలో మా గల్లీలు బంగారమయ్యాయని నేననను. ముస్లిం ఎమ్మెల్యే ఉన్నంత మాత్రాన ముస్లింల బతుకు మారదని మాకూ తెలుసు.

'మన సీటు దళితులకిచ్చేసిన్రు' అని చాయ్ హోటళ్లలో గొణిగే భాయీలను ముందు ఒక మాట అడగాలి. అది మన సీటెప్పుడైంది? దశాబ్దాల పాటు ఇక్కడ గెలిచింది ఎం. బాగారెడ్డి. అన్నేళ్లూ మాదిగోడు, మాలోడు కూడా మనలాగే బయట నిలబడి ఓటేసి ఇంటికి పోయిండు. ఇవాళ వాళ్లకొక కుర్చీ దొరికితే మన కడుపు మండితే, మనకూ దొరలకూ తేడా ఏముంది?

తాళం వేసింది దళితులు కాదు. 1950 ఆగస్టు 10న వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు. దాని మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. ముస్లింలు, క్రైస్తవులు బయటే ఉండిపోయారు. మెహతర్ కులాన్నే చూడండి. ఊరి పాయఖానాలు ఎత్తిన కులం. మెహతర్ హిందువైతే ఎస్సీ. ముస్లిం అయితే బీసీ-ఏ. చీపురు అదే, వాసన అదే, చాయ్ కప్పు విడిగా పెట్టే అవమానమూ అదే. వీడు రేపు కలిమా వదిలి హిందువునంటే, కులం వాళ్లు ఒప్పుకుంటే, ఎస్సీ సర్టిఫికెట్ దొరికే దారి ఉందని 2015లో సుప్రీంకోర్టే చెప్పింది. అంటే అడ్డం వస్తున్నది కులం కాదు, మతం. లౌకిక రాజ్యాంగం పేరున ఎన్నికల ఆఫీసు గుమ్మం దగ్గర మత పరీక్ష పెట్టారు.

మన సెక్యులర్ మిత్రులకు ప్రజాస్వామ్యమంటే అమెరికా గుర్తొస్తుంది. సరే, అక్కడికే పోదాం. 1787లో వాళ్లు రాసుకున్న రాజ్యాంగం ఆరో అధికరణంలో, ఏ ప్రభుత్వ పదవికీ మత పరీక్ష ఉండరాదని ఉంది. నేను అమెరికాకు సర్టిఫికెట్టివ్వడం లేదు. అదే రాజ్యాంగం ప్రతినిధుల లెక్కలో బానిసను మనిషిలో అయిదింట మూడు వంతులుగా కట్టింది. 1870లో నల్లవాళ్లకు కాగితం మీద ఓటొచ్చినా, దక్షిణాదిలో చదువు పరీక్షలు పెట్టి, ఓటు పన్ను వేసి దాన్ని లాక్కున్నారు. నెత్తురు కార్చాక 1965లో ఓటు హక్కుల చట్టం వచ్చింది. 1982లో ఆ చట్టాన్ని సవరించి మరో మాట చేర్చారు: ఓటు వేయనిచ్చారా అన్నది ఒక్కటే చూస్తే చాలదు, సరిహద్దు గీత గీసి ఆ ఓటును పనికిరాకుండా చేశారా అన్నదీ చూడాలి. 2013లో అక్కడి సుప్రీంకోర్టు ఆ చట్టం కోరలు కొన్ని పీకిందనుకోండి. అయినా ఆ ప్రశ్న అక్కడ కోర్టు మెట్లెక్కింది. ఇక్కడ 2006లో సచార్ కమిటీ అదే ప్రశ్న వేసింది. ముస్లింలు ఎక్కువగా ఉన్న నియోజకవర్గాలు కొన్ని రాష్ట్రాల్లో ఎస్సీ రిజర్వుడు అవుతున్నాయని ఎత్తి చూపింది. జవాబేదీ?

2025 నవంబరులో గజాలా హష్మీ వర్జీనియా రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికైంది. పుట్టింది హైదరాబాద్‌లో, 1964లో. మతం కారణంగా పౌర హక్కులు తగ్గరాదని 1786లోనే చట్టం చేసుకున్న రాష్ట్రం అది. హైదరాబాద్‌లో పుట్టిన ముస్లిం స్త్రీ అక్కడ గెలవగలిగింది. హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న జహీరాబాద్‌లో మెహతర్ ముస్లిం నిలబడి ఓడిపోవడానికి కూడా వీల్లేదు.

'జనరల్ సీట్లున్నాయి కదా' అంటారు. ఉన్నాయి. జహీరాబాద్ లోక్‌సభ స్థానమే జనరల్. టికెట్టెవరిస్తారు? 2011 లెక్కల ప్రకారం తెలంగాణలో ముస్లింలు నూటికి పన్నెండు మంది పైనే. 2023లో 119 మంది ఎమ్మెల్యేల్లో గెలిచిన ముస్లింలు ఏడుగురు. ఏడుగురూ మజ్లిస్ వాళ్లే, ఏడుగురూ హైదరాబాద్ నుంచే. నగరం దాటితే సున్నా. మెజారిటీ మంచితనం మీద భారం వేయమని 1949 మే నెలలోనే మాకు చెప్పారు. 1947లో రాజ్యాంగ సభ ఒప్పుకున్న ముస్లిం రిజర్వుడు సీట్లను అప్పుడు తీసేశారు. బేగం ఐజాజ్ రసూల్ లాంటి మా వాళ్లే దానికి మద్దతిచ్చారు. నమ్మి ఇచ్చారు. ఆ నమ్మకానికి ఈ సున్నా ఏ రకం జవాబు?

ఇక దళిత మిత్రులతో ఒక మాట. మూడో పేరా పోతే మీ వాటా తగ్గుతుందన్న భయం మీకుంది. ఉద్యోగాల విషయంలో అది కూర్చుని మాట్లాడుకోవలసిన భయమే. అసెంబ్లీ సీట్ల సంగతి వేరు. 332వ అధికరణం ప్రకారం ఎస్సీ సీట్లు ఎస్సీల జనాభా నిష్పత్తిని బట్టి వస్తాయి. మెహతర్ ముస్లింలూ, మాదిగ క్రైస్తవులూ ఆ లెక్కలో చేరితే ఎస్సీ సీట్లు పెరుగుతాయి గానీ తగ్గవు. తగ్గేవి ఎవరివో, ఈ పేరా జోలికి ఎవరూ ఎందుకు పోరో ఆలోచించండి. దాన్ని తీసేయమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. ఆ నివేదిక అల్మారాలో ఉంది.

పేరా తీసేసినా జహీరాబాద్ ఎస్సీ సీటుగానే ఉండొచ్చు, ఉండనీ. ఒక మెహతర్ పిల్లవాడు మాదిగ పిల్లవాడి మీద నిలబడి డిపాజిట్ పోగొట్టుకోవచ్చు. పోగొట్టుకోనీ.