తెరలు వెలిగితే చాలునా? రాతప్రతులు మాట్లాడవద్దా?

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం చూసినవారెవరూ అక్కడి సంగీత గడియారాన్ని మరచిపోలేరు. గంటగంటకూ ఒక చిన్న బొమ్మ వెలుపలికి వచ్చి గంట కొడుతుంది. ఆ క్షణం కోసం జనం ముందుగానే వచ్చి కూర్చుంటారు. చివరి గంట మోగగానే లేచిపోతారు. అదే మ్యూజియంలో శతాబ్దాల నాటి ఖురాన్ ప్రతులు, అరబ్బీ, పారశీక, ఉర్దూ రాతప్రతులు ఉన్నాయి. వాటి ముందు అంతటి జనం నిలువగా నేనేనాడూ చూడలేదు.

తప్పు జనానిది కాదు. గడియారం తన సంగతి తానే చెప్పుకుంటుంది. రాతప్రతికి చదివి చెప్పేవారు కావాలి.

ఇప్పుడు మ్యూజియంలకు కొత్త సాంకేతికత వచ్చింది. టచ్ స్క్రీన్లు, క్యూఆర్ కోడ్లు, కళ్లకు తగిలించుకుంటే మరో లోకాన్ని చూపే వర్చువల్ రియాలిటీ పరికరాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 14న ఢిల్లీలో ప్రారంభమైన ప్రధానమంత్రి సంగ్రహాలయంలో సందర్శకుడు తనకు నచ్చిన ప్రధానితో కలిసి సెల్ఫీ దిగవచ్చు. నేను వీటికి విరోధిని కాను. అయితే నా ప్రశ్న ఒక్కటే: సందర్శకుడు ఇంటికి ఏమి తీసుకువెళుతున్నాడు? ఫోటోనా, జ్ఞానమా?

కొంతకాలం క్రితం మా పేటలోని పిల్లలను ఒక మ్యూజియానికి తీసుకువెళ్లాను. అందరూ ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు, ఉర్దూ మాధ్యమాలలో చదువుకునేవారే. ఒక రాతప్రతి పక్కన పెద్ద తెర వెలుగుతున్నది. వేలితో తాకితే పుటలు తిరిగాయి, బంగారు వర్ణాలు మెరిశాయి. వివరణ మాత్రం ఇంగ్లీషులోనే ఉన్నది. మదరసాలో ఖురాన్ చదివే ఒక బాలుడు అక్షరాలు కూడబలుక్కుని, "చాచా, ఇది ఎవరు రాశారు? మన ఊళ్లోనే రాశారా?" అని అడిగాడు. నా వద్ద జవాబు లేదు. తెర వద్దా లేదు.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాడిని. కంప్యూటర్లు వచ్చిన రోజులు నాకు తెలుసు. రిజిస్టరులో తప్పు ఉంటే కంప్యూటరులోనూ అదే తప్పు ఎక్కింది. రిజిస్టరులో ఖాళీ ఉంటే అక్కడా ఖాళీయే మిగిలింది. మ్యూజియం సంగతీ అంతే. పారశీకం చదవగల పండితుడిని నియమించకుండా లక్షల రూపాయల తెర కొంటే, అది ఖాళీని మరింత వెలుగులో చూపిస్తుంది.

ఇది కేవలం వినోదానికి సంబంధించిన విషయం కాదు. ముస్లింలు ఈ నేలకు పరాయివారన్న మాట నేడు తరచూ వినవస్తున్నది. దానికి జవాబు మన కాగితాలలోనే ఉన్నది. కుతుబ్‌షాహీల ఫర్మానాలు పారశీకంతోపాటు తెలుగులోనూ వెలువడ్డాయి. ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. పొన్నగంటి తెలగనార్యుడు అచ్చతెలుగులో రచించిన యయాతి చరిత్రను అంకితం పుచ్చుకున్నవాడు అమీన్‌ఖాన్. అటువంటి ఒక ఫర్మానాను తెరపై ఉంచి, వేలు తాకగానే పారశీక భాగాన్నీ తెలుగు భాగాన్నీ చదివి వినిపించి, ఆ ఉత్తరువు ఎవరికోసమో సులభంగా చెప్పండి. పది ఉపన్యాసాలు చేయలేని పని ఆ ఒక్క తెర చేస్తుంది. హిందూ బాలుడూ ముస్లిం బాలుడూ పక్కపక్కన నిలబడి వింటారు.

"ఈ తరానికి ఆకర్షణ కావాలి, పాత కాగితాలు ఎవరికి కావాలి?" అనే పెద్దలున్నారు. ఆకర్షణ వద్దని ఎవరన్నారు? గడియారం జనాన్ని రప్పించింది. వచ్చినవారిని పక్క గదిలోకి నడిపించే బాధ్యత ఎవరిది? న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో 3,75,000కు పైగా చిత్రాలను ఎవరైనా స్వేచ్ఛగా వాడుకొనేందుకు విడుదల చేసింది. బెర్లిన్ మ్యూజియంలు 2015లో 'ముల్తకా' పేరిట సిరియా, ఇరాక్ శరణార్థులకే శిక్షణ ఇచ్చి, అరబ్బీలో వివరించే మార్గదర్శకులుగా నియమించాయి. ఒకరు పెట్టె తెరిచారు, మరొకరు మనిషిని నిలబెట్టారు. మనకు రెండూ కావాలి.

కనుక మన కోరికలు స్పష్టంగా ఉండాలి. ప్రజాధనంతో డిజిటల్ రూపమిచ్చిన ప్రతి రాతప్రతినీ ప్రజలు ఉచితంగా చూడగలగాలి. ప్రతి వివరణా తెలుగులో, ఉర్దూలో చదవడానికీ వినడానికీ ఉండాలి. స్మార్ట్‌ఫోన్ లేని సందర్శకుడికి వినికిడి పరికరం అక్కడే ఇవ్వాలి. అరబ్బీ, పారశీకం నేర్చిన మన యువతకు ప్రతులు చదివి వివరించే ఉద్యోగాలు కల్పించాలి.

మనలోనూ లోపమున్నది. చరిత్రను వక్రీకరిస్తున్నారని వాపోయే మనం, మన పిల్లలను ఎన్నిసార్లు మ్యూజియానికి తీసుకువెళ్లాము? ప్రతి మస్జిద్ కమిటీ ఏడాదికొకసారి ఆ పని చేయవచ్చు. 2005 నాటి సమాచార హక్కు చట్టం మన చేతిలోనే ఉన్నది. కేంద్ర ప్రభుత్వ సంస్థకు దరఖాస్తు రుసుము రూ.10 మాత్రమే. ఎన్ని ప్రతులకు డిజిటల్ రూపమిచ్చారు, అవి ఎక్కడ చూడవచ్చు, ఏయే భాషలలో వివరణ ఉన్నది అని అడగండి. జవాబు వస్తే పదిమందికీ చూపండి, రాకపోతే అప్పీలు చేయండి. ఆ బాలుడి ప్రశ్నకు నేను ఇంకా జవాబు బాకీ ఉన్నాను.