ధైర్యం చెప్పేవారు

కష్టమొస్తే గుండె చిక్కబట్టుకుంటాం, దిటవు చేసుకుంటాం, రాయి చేసుకుంటాం. ఇక వేరే దారి లేదనుకున్నప్పుడు తెగిస్తాం. ఇవన్నీ ఎవరికి వారు లోపల్లోపల చేసుకునే పనులు. ‘ధైర్యం చెప్పడం’ అలాంటిది కాదు, దానికి ఇద్దరుండాలి. కథ చెప్పినట్టు, పాఠం చెప్పినట్టు తెలుగువాళ్లు ధైర్యాన్ని కూడా చెబుతారు. మన పలుకుబళ్లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

దీన్ని ఓదార్పుతో కలిపేస్తున్నాం. ఓదార్పు జరిగిపోయినదాని గురించి, ధైర్యం ఇక జరగాల్సినదాని గురించి. భర్త పోయిన మనిషి పక్కన కూర్చుని కన్నీళ్లు తుడవడం ఓదార్పు. ఆమె అప్పు లెక్క అడగడానికి బ్యాంకు మెట్లెక్కాల్సిన రోజున ‘పద వదినా, నేనూ వస్తా’ అనడం ధైర్యం చెప్పడం.

కథ చెప్పడమూ ధైర్యం చెప్పడమూ ఒకటే అయిన సందర్భం మన కళ్లముందే జరిగింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో, పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రి బడుల్లో ‘సీతమ్మ కథ’ చదివారు. సారా వల్ల చితికిన బతుకుల కథ అది. ప్రతి ఇంట్లోనూ మూసిపెట్టుకున్న బాధను అక్కడ పదిమందిలో పైకి చదవాల్సి వచ్చింది. అలా చదివాక, ఆ జిల్లాలోని దూబగుంట అనే ఊరి ఆడవాళ్లు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. వారిలో రోశమ్మ పేరు రాష్ట్రమంతటా మోగింది. ఆ తర్వాత జరిగింది ఇంకా గొప్పది. దూబగుంట కథే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై మిగతా ఊళ్లకు వెళ్లింది. అక్కడి ఆడవాళ్లు చదివింది ఏ పురాణ స్త్రీ కథో కాదు, తమ జిల్లాలోనే తమలాంటి కూలి మనుషులు చేసిన పని. 1993లో రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. సడలించినంత మాత్రాన ఆ ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్న ధైర్యం వృథా అయిందని నేను అనుకోను.

ఇవాళ పత్రికల్లో ‘ధైర్యం చెప్పడం’ అనే మాట దాదాపు రోజూ కనిపిస్తుంది. నాయకుడు బాధితుల ఇంటికి వెళ్తాడు, ‘కుటుంబ సభ్యులకు ధైర్యం చెప్పారు’ అని వార్త అక్కడితో ముగుస్తుంది. విలేకరి మిత్రులారా, ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోకండి. ఆయన ఏం చెప్పారో, ఏం చేస్తానన్నారో, ఎప్పటిలోగా అన్నారో కూడా రాయండి. నెల తర్వాత ఆ ఇంటికి మళ్లీ వెళ్లి అడగండి.